గల్లీ నడవని కోటు

షంషీర్ గురించి చెప్పాలంటే నేనే చెప్పాలి. మా మారేడ్‌పల్లి గల్లీలో కథ చెప్పడంలో ఈ జంగయ్యను మించినవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. నేను చదువు మధ్యలో మానేశానని కొందరు అంటారు. అది తప్పు. నాకు నేర్పడానికి కాలేజీ దగ్గర ఇంకేమీ మిగల్లేదు, అంతే. షంషీర్ మాత్రం బుద్ధిగా చదివాడు. వాడి బుర్ర, నా నోరు కలిపి ఒక్క మనిషికి ఇస్తే ఆ మనిషి దివాను అయ్యేవాడని నేను చాలామందితో అన్నాను. ఎవరూ కాదనలేదు. విన్నవాళ్లు తక్కువ, అదొకటి.

వాళ్ల నాన్న అల్లాబక్ష్, నాకు చాచా, దర్జీ. కంటోన్మెంటు సార్జంట్ల దగ్గర్నుంచి రైలు గార్డుల దాకా అందరికీ ఆయనే కుట్టేవాడు. ఆయన కుట్టిన కోటు తొడుక్కుని ఒక గూని గార్డు నిటారుగా నిలబడటం నేను కళ్లారా చూశాను. రెండోసారి చెప్పినప్పుడు ఆ గార్డు కాస్త పొడుగు కూడా పెరిగాడు.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. కుట్టిన ప్రతి బట్టనూ ఎవరో ఒకరు తొడుక్కుని గల్లీ చివరిదాకా నడిచి రావాలి. నడవని బట్టను చాచా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. గోడకు తగిలిస్తే కుట్టు నోరు విప్పదని, మనిషి ఒంటి మీదే విప్పుతుందని అనేవాడు. షంషీర్ లావూ కాదు, సన్నమూ కాదు. మీసం రాకముందు నుంచీ ఆ నడక వాడిదే. గల్లీ చివర విమలమ్మ ఇల్లు. ఆ గడప ముందు ఆగి కుడిచెయ్యి పూర్తిగా పైకెత్తాలి, చంక కింద కుట్టు పట్టేస్తోందేమో చూడటానికి. అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న విమలమ్మ తలెత్తి, "భుజం లేస్తున్నది, మీ నాయనకు చెప్పు" అనేది. అదే ఆఖరి తీర్పు.

అలా షంషీర్ ఆ గల్లీలో గార్డయ్యాడు, సార్జంటయ్యాడు, బ్యాండు మాస్టరయ్యాడు. చర్చిలో పాడేవాళ్ల తెల్ల అంగీ వేసుకుని నడిచిన రోజున పక్క గల్లీ ముసలావిడ ఒకామె దణ్ణం పెట్టింది. మేబెల్ టీచరమ్మ గౌను మాత్రం తొడుక్కోనన్నాడు. అది నేను తొడుక్కుని నడిచాను. ముగ్గురు నాకు సంబంధాలు చూశారు.

పోలీస్ యాక్షన్‌కు ముందు శ్రావణంలో రజాకార్లు వచ్చి ఖాకీ తాను ఒకటి దుకాణంలో పడేసి, పొద్దుటికల్లా బట్టలు కావాలన్నారు. కాదనే ధైర్యం చాచాకు లేదు. నాకుండేది, కానీ నన్నెవరూ అడగలేదు. చాచా కుట్టాడు. కుట్టాక నడవాలి కదా. షంషీర్ ఆ ఖాకీ తొడుక్కుని నడిచి, విమలమ్మ గడప ముందు ఎప్పటిలాగే చెయ్యెత్తాడు. అదే సమయానికి రోడ్డు మీద టాంగాలో పోతూ తుకారాం చూశాడు. తుకారాం షంషీర్ క్లాసువాడే.

తర్వాత సైన్యం వచ్చింది, రజాకార్లు పోయారు. చలికాలంలో తుకారాం యూనివర్సిటీలో ఫిర్యాదు ఇచ్చాడు. షంషీర్ రజాకారు బట్టల్లో నడివీధిలో నిలబడి సలాము కొట్టాడని. తుకారాం అబద్ధాలకోరు కాడు. వాడి మేనమామ ఇంటిని రజాకార్లే తగలబెట్టారు. వాడు చూసింది చూసినట్టు చెప్పాడు. విచారణకు రమ్మని షంషీర్‌కు పిలుపు వచ్చింది. ముగ్గురు పెద్దలు కూర్చుంటారు. తప్పని తేలితే పేరు కొట్టేస్తారు. ఇక ఏ కాలేజీ వాడి మొహం చూడదు.

షంషీర్ ఆ కాగితం చదివి, మడిచి గూట్లో పెట్టి, గుండీలు కుట్టడానికి కూర్చున్నాడు. ఆ ఇంట్లో అప్పటికే అందరూ అలా అయిపోయి ఉన్నారు. వాళ్లమ్మ హజీరా పుట్టింటివాళ్లది బీదర్ వైపు. యాక్షన్ తర్వాత అటువైపు ముస్లింల ఊళ్ల మీద దాడులు జరిగాయన్నారు, అప్పటి నుంచి అక్కడి కబురు లేదు. చాచీ ఏడవడం కూడా మానేసింది. రొట్టె పెనం మీద వేసి, దాన్ని తిప్పాలన్న సంగతే మరిచిపోయేది. మాడిన రొట్టె పెడితే షంషీర్ తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాడు.

వాణ్ణి విచారణకు తయారు చేసే పని నేనే నెత్తికెత్తుకున్నాను. కత్తిరింపు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, నేనొక్కణ్ణే ముగ్గురు పెద్దలనయ్యాను.

"చెప్పవయ్యా, ఆ దినం ఏడున్నవ్?"

"ఈడనే."

"గట్లంటే ఎట్లరా? అల్వాల్‌ల మా దోస్తు అత్తగారింట్ల జరమొచ్చి పండుకున్న అను. ఆ దోస్తును నేనే. సాక్ష్యం నేనే ఇస్త."

"నీకు పెండ్లే కాలే. అత్తగారిల్లు ఏడికెల్లి వస్తది?"

"విచారణ దాంక అయితది తియ్యి."

ముందైతే నవ్వేవాడు. ఇప్పుడు దారం కొరికి తెంపాడు.

"పోనీ ఇది విను. వాళ్ల గుట్టు తెలుసుకునేటందుకు లోపటికి పోయిన, అందుకే ఏసుకున్న అను."

"ఏం గుట్టు తెలిసింది అంటే?"

"చంక కింద బిగువు అని చెప్పు."

"అదే చెప్త."

నేను ఎగతాళికి అన్నాను. వాడు ఎగతాళికి అనలేదు. సూదిలోకి మళ్లీ దారం ఎక్కిస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని, పెద్దమనిషి కళ్లజోడు పెట్టుకున్నట్టు వేళ్లు కళ్ల ముందు పెట్టుకున్నాను.

"ఆ బట్టలు తొడిగినప్పుడు నీ దిల్ల ఏమనిపిచ్చింది?"

వాడు గుండీలోంచి సూది పైకి లాగాడు. "ఏమనిపియ్యలే. కుడి చంక పట్టింది. విమలమ్మక్క సుత అదే అన్నది."

"భయం గిట్ల కాలేదా?"

"లేదు."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు సుత లేదు జంగయ్యా. ఉంటే మంచిగుండు."

కళ్ల ముందు నుంచి వేళ్లు తీసేశాను. బల్ల దిగాను.

ఏం వేసుకుని వెళ్లాలన్నది ఇంకో తక్లీఫ్. యూనివర్సిటీకి అంతవరకూ అందరూ షేర్వానీలోనే పోయేవాళ్లు. చాచా వద్దన్నాడు. "షేర్వానీ చూడంగనే నిజాం మనిషి అని వాళ్ల మనసుల పడ్తది బేటా." బూడిదరంగు ఉన్ని గుడ్డ తెచ్చి ఇంగ్లీషు కోటు కుట్టాడు. కుట్టి, ఇస్త్రీ చేసి, మేకుకు తగిలించాడు.

"ఏంది చాచా, నడిపియ్యవా?" అన్నాను.

"నడిచింది చాలు."

"ఒక్కపారి విమలమ్మక్కకు చూపిస్తే..."

"చాలన్న కదరా."

సాయంత్రం విమలమ్మే అరుగు మీది నుంచి కేకేసింది. "ఏందయ్యా అల్లాబక్ష్, పిలగాని కోటు నాకు చూపియ్యవా?"

"ఇయ్యాల వద్దక్కా" అని చాచా దుకాణం తలుపు ఒక రెక్క దగ్గరికి వేశాడు. నా ఎరుకలో నడవకుండా బయటికి పోయిన బట్ట అదొక్కటే.

విచారణ రోజు సైకిల్ నేను తొక్కాను, వాడు ముందు కడ్డీ మీద కూర్చున్నాడు. లోపలికి నన్ను రానియ్యలేదు. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. అక్కడి ఆఫీసు జవాను పొమ్మంటే, షంషీర్ వకీలును నేనేనని చెప్పాను. స్టూలు కూడా తెచ్చి వేశాడు.

పెద్దలు ఉర్దూలో అడుగుతున్నారు, ఇంగ్లీషులో రాసుకుంటున్నారు. తుకారాం తాను చూసింది నేలకేసి చూస్తూ చెప్పాడు. తర్వాత షంషీర్ వంతు.

"ఆ బట్టలు వేసుకున్నావా?"

"వేసుకున్నాను. మా అబ్బాజాన్ కుట్టిన ప్రతి బట్టా వేసుకుంటాను."

"చెయ్యెత్తావా?"

"ఎత్తాను."

"సలాము కాదా?"

"కాదు. చంక కింద కుట్టు చూడటానికి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు అది నా కథల్లాగే వినిపించి ఉంటుంది. మధ్యలో కూర్చున్న ఆయన కలం కింద పెట్టాడు. "ఎలా ఎత్తావో ఎత్తి చూపించు."

షంషీర్ కుడిచెయ్యి పైకెత్తాడు. చర్రుమని చప్పుడైంది. చంక నుంచి నడుము దాకా కోటు విచ్చుకుని లోపలి తెల్లచొక్కా కనబడింది. వాడు చెయ్యి దించలేదు. అలాగే ఉంచి, "ఇదిగో, ఇందుకే ఎత్తుతాం" అన్నాడు.

ఈ కథ నేను ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ ముగ్గురూ కుర్చీల్లోంచి దొర్లి నవ్వుతారు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. మధ్యలో కూర్చున్నాయన చినిగినచోటు చూసి, "చెయ్యి దించు బాబూ" అన్నాడు. ఒకసారి అంటే దించలేదు. మళ్లీ అనాల్సి వచ్చింది.

కాలేజీలో వాడి పేరు కొట్టెయ్యకుండా ఉంచారు. వరండాలో తుకారాం మా దగ్గరికి వచ్చాడు. "నాకు సలాం లెక్కనే కనవడ్డది షంషీర్."

"కనవడ్తది" అన్నాడు షంషీర్. కోపం లేదు, దయ కూడా లేదు. ఇద్దరూ చెరో దారిన కదిలారు.

ఇంటికి వచ్చాక చాచా చినిగినచోటు వేలితో తడిమి, కోటు విప్పించి, చంకలో చిన్న ముక్క అతికి కుట్టాడు. మళ్లీ తనే తొడిగాడు. "పో బేటా, నడిచి రా."

షంషీర్ నడిచాడు. గల్లీ అంతా తలుపుల్లో నిలబడి చూసింది. విమలమ్మ చేట పక్కన పెట్టింది. "ఏదీ, చెయ్యెత్తు బిడ్డా, చూస్త."

వాడు రెండు చేతులూ పక్కలకు ఆనించుకుని నిలబడ్డాడు. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"మంచిగనే ఉన్నదక్కా" అని వెనక్కి తిరిగాడు.

పరీక్షలు పాసయ్యాడు. రైలు ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. తన కొడుక్కి పెళ్లీ చేశాడు. ఇన్నేళ్లలో వాడి కుడిచెయ్యి భుజం దాటి లేవడం నేను చూడలేదు. మేమిద్దరం బయటికి పోతే బస్సు ఆపడానికి చెయ్యి నేనే ఎత్తాలి. నేను లేని రోజున షంషీర్‌ను చూసి బస్సు దానంతటదే ఆగేదని అందరికీ చెబుతుంటాను.

నేను లేని రోజున వాడు నడిచి వెళ్లేవాడు.