ముందు తన తల మీదే

పెరట్లో కొబ్బరిచెట్టును వడ్రంగిపిట్ట టకటకా పొడుస్తుంటే మా ఇంట్లో అందరూ విసుక్కుంటారు. నేను మాత్రం వింటూ కూర్చుంటాను. ఆ చప్పుడుకి తెనాలిలోని ఓ ఆసుపత్రి గది, అందులో సుగుణ డాక్టరుగారు గుర్తొస్తారు.

రెండో బిడ్డ కడుపులో ఉండగా నాకు దేనిమీదా ఆశ లేకుండా పోయింది. భట్టిప్రోలు బడిలో ఎక్కాలు చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ముద్ద గొంతు దిగేది కాదు. బస్సు కాలవగట్టు మీద వెళ్తుంటే నీళ్లవైపు చూడాలంటే భయమేసేది, చూడకుండానూ ఉండలేకపోయేదాన్ని. మొదటి కాన్పు తర్వాతా ఇంతే అయితే, నీరసం అన్నారు. ఈసారి మావారు తెనాలి తీసుకెళ్లారు.

డాక్టరుగారు అంతా విని, “ఇది డిప్రెషనమ్మా. జబ్బు. నీ తప్పేం లేదు” అన్నారు. మందుల గురించీ, అయస్కాంతంతో మెదడును తట్టిలేపే వైద్యం గురించీ, రెండింటి మంచిచెడ్డలూ విడమరచి చెప్పారు. నేను రెండోదానికి మొగ్గాను. మా అత్తయ్య ఒప్పుకోలేదు.

“కడుపుతో ఉన్న పిల్లకి కరెంటు పెడతారా అండీ?”

“షాకు కాదు పిన్నిగారూ, మత్తు కూడా ఇవ్వం. ముందు నా తల మీద చూపిస్తాను, రండి.”

డాక్టరుగారు కుర్చీలో కూర్చుని, నర్సు చేత ఆ పరికరాన్ని తన నెత్తి మీద పెట్టించుకున్నారు. టక్కుమంది. ఒళ్లో పెట్టుకున్న ఆవిడ చేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది. అత్తయ్య నోరు తెరిచి చూసి, పకపకా నవ్వేశారు.

“నాకు తగ్గుతుందా అండీ?” అన్నాను.

“చాలామందికి తగ్గింది. నీకు తగ్గకపోతే వేరే దారి చూద్దాం. నేను మాత్రం వదిలిపెట్టను.”

ఆ చివరి మాట పట్టుకునే వైద్యానికి సిద్ధపడ్డాను. రోజూ తెనాలి వెళ్లేవాళ్లం. చెవుల్లో దూది, నెత్తిన టకటక, కాస్త తలనొప్పి. మొదట్లో ఏ మార్పూ లేదు. ఓరోజు కుర్చీలోనే ఏడ్చేశాను. డాక్టరుగారు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. “ఏడువమ్మా, పర్లేదు. రావడం మాత్రం మానకు.”

ఇంకొన్నాళ్లకు, బస్టాండులో మిరపకాయ బజ్జీల వాసనకి నోరూరింది. “ఏవండీ, బజ్జీలు కొంటారా?” అన్నాను. మావారు కళ్లు తుడుచుకుంటూ కొన్నారు. మెల్లగా నిద్ర తిరిగొచ్చింది. పాప పుట్టాక దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. మొదటి బిడ్డను చూసి అలా నవ్వలేకపోయాను.

డాక్టరుగారు ఇప్పుడు లేరు. జబ్బును దాని పేరుతోనే చెప్పే ధైర్యం మాత్రం నాకు ఇచ్చిపోయారు. మొన్న మా చర్చిలో, బిడ్డను ఎత్తుకోవట్లేదని ఓ బాలింతను పెద్దవాళ్లు మందలిస్తుంటే లేచి నిలబడ్డాను.

“నాకూ డిప్రెషన్ వచ్చింది. వైద్యం చేయించుకున్నాను. తగ్గింది” అన్నాను, అందరికీ వినపడేలా.

ఆ పిల్ల తలెత్తింది. “ఎక్కడికెళ్లాలి అక్కా?”

“నేనొస్తాను, పద.”