మాస్టారి బొంత కవచం

మా సంఘం వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున్నే కబురు వచ్చింది: "మన సండే స్కూల్ మాస్టారు ప్రభువునందు నిద్రించారు." సెలవు మీద రాజోలు దగ్గర సొంతూరికి వెళ్ళిన మనిషి. ఇంకో పది రోజుల్లో తిరిగి రావలసినవారు. ఇక్కడ కువైట్‌లో, సాల్మియాలో నేను పనిచేసే టైలరింగ్ షాపులో మిషను ఆపేశాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత, చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ, నవ్వొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో చెక్క కత్తి పట్టుకుని ఎడారిలో యుద్ధానికి దిగిన మనిషిని తలచుకుంటే మీకైనా నవ్వొస్తుంది.

మాస్టారంటే బడి పంతులు కాదు. వారమంతా సబ్హాన్‌లో ఏసీ డక్టులు చేసే వర్క్‌షాపులో రేకులు కత్తిరించేవారు. శుక్రవారం మా తెలుగు సంఘం పిల్లలకి వాక్యం చెప్పేవారు. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా సండే స్కూలు కూడా శుక్రవారమే. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వితే, "ప్రభువు అన్ని రోజులూ హాజరు వేసుకుంటాడండి," అనేవారు. జేబులో ఎప్పుడూ జీడిపప్పు పొట్లం ఉండేది. తప్పు జవాబు చెప్పిన పిల్లలకి కూడా పెట్టేవారు. అదేంటండీ అంటే, "చెయ్యెత్తారు కదమ్మా, సగం ధైర్యం అదే," అనేవారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, సొంత పిల్లలు లేరు. శుక్రవారం ఆ పాతికమందే ఆయనకి లోకం.

ఒకరోజు తెల్ల గుడ్డ పట్టుకుని షాపుకి వచ్చారు. "అమ్మాయ్, ఎనిమిది వందల ఏళ్ళ నాటి చొక్కా ఒకటి కుట్టిపెట్టాలి." క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరికేమో అనుకున్నాను. "కాదమ్మా, సైనికుడికి. ఆ సైనికుణ్ణి నేనే," అన్నారు. నేను కత్తెర కింద పెట్టేశాను.

సంగతేమిటంటే, వాళ్ళ వర్క్‌షాపు పక్క గోడౌన్‌లో శుక్రవారం మధ్యాహ్నాలు కొందరు చేరేవారు. ఒక ఇంగ్లీషు ఇంజనీరు, ముగ్గురు ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒక కువైటీ స్కూలు టీచరు, ఇంకా కొందరు. వెనకటి కాలపు సైనికుల బట్టలు అచ్చం అలాగే కుట్టించుకుని, అప్పటి పద్ధతిలో చెక్క కత్తులతో పోరాడటం వాళ్ళ సరదా. వాళ్ళకి ఇనప టోపీలు చేసిపెట్టడానికి వెళ్ళిన మాస్టారు తానూ ఒకటి పెట్టుకుని అక్కడే ఉండిపోయారు. ప్రార్థన అవ్వగానే, పాటల పుస్తకం, ఇనప టోపీ ఒకే బ్యాగులో వేసుకుని బయలుదేరేవారు. కొలతల కోసమని నేనూ వెళ్ళాను. మిషను కుట్టు పనికిరాదు, చేతికుట్టే ఉండాలని ఆ ఇంజనీరు అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. అలా నేనూ ఇరుక్కున్నాను. ఇప్పటికీ ఆ గుంపు దర్జీని నేనే.

ఈ సంగతి సంఘంలో పొక్కింది. పాస్టరు గారి ఎదుట సంఘపెద్ద ఆయన్ని నిలబెట్టి అడిగాడు. "శాంతి గురించి చెప్పాల్సినోరు కత్తి తిప్పితే పిల్లలు ఏం నేర్చుకుంటారండీ? కత్తో, సండే స్కూలో, ఏదో ఒకటి తేల్చుకోండి." మాస్టారు నెల రోజులు గడువు అడిగారు.

గడువు పూర్తవకముందే కథ తిరగబడింది. చలికాలంలో ఎడారి గుడారాల దగ్గర ప్రదర్శన పెట్టాలని గుంపు అనుకుంది. మాస్టారు క్రైస్తవుడు గనక, అప్పట్లో యూరప్ నుంచి సిలువ గుర్తుతో అరబ్బుల మీదకి యుద్ధానికొచ్చిన సైన్యం వైపు ఆయన్ని వేశాడు ఇంజనీరు. కువైటీ టీచరు అవతలి వైపు. ఆ తెల్ల చొక్కా గుండెల మీద నాలుగు రోజులు కూర్చుని ఎర్రటి సిలువ కుట్టాను. మా సంఘపెద్దకి ఫొటో చూపించగానే మొహం విచ్చుకుంది. "ఇదండీ సాక్ష్యం అంటే! ఈసారి సంఘం క్యాలెండరు మీద మీ బొమ్మేనండి!" కత్తి గొడవ ఆ క్షణంలోనే ఎగిరిపోయింది. నా కుట్టు క్యాలెండరుకి ఎక్కుతోందని నేనూ తెగ మురిసిపోయాను.

ఆ శుక్రవారం గోడౌన్‌లో మాస్టారు ఆ చొక్కా తొడుక్కుని నిలబడ్డారు. కువైటీ టీచరు చూశాడు, బాగుందన్నాడు, సాధన చేశాడు. అయ్యాక ఎప్పుడూ ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో చాయ్ పంచుకునేవారు. ఆ రోజు మాత్రం పని ఉందని వెళ్ళిపోయాడు. మాకు సిలువంటే ఊళ్ళో చర్చి, అమ్మ మెడలో గొలుసు. ఈ గడ్డ మీద ఆ చొక్కా ఏం గుర్తు చేస్తుందో మా ఇద్దరికీ తెలియదు. మాస్టారు ఆ వారమంతా ఫోనులో ఆ యుద్ధాల గురించి చదివి, షాపుకి వచ్చారు.

"దీన్ని ఊడదీసెయ్యమ్మా."

"నాలుగు రోజులు కుట్టానండీ! నా వేళ్ళు చూడండి!"

"తెలుసమ్మా. సిలువ మనం మొయ్యాలి గానీ ఎదుటోడి మీదకి ఎత్తకూడదు. నా చాయ్ తాగే మనిషి మీదకి అసలే ఎత్తకూడదు."

నేను ముట్టుకోనన్నాను. ఆయనే స్టూలు మీద కూర్చుని బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పారు. గంటన్నర పట్టింది. నేను ఆయన వైపు వీపు తిప్పి వేరే జాకెట్టు కుట్టుకున్నాను. ఆ గంటన్నరకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

దాంతో రెండువైపులా చెడింది. గుర్తు లేకపోతే అది ఆనాటి వేషమే కాదు, బరిలోకి రానివ్వనన్నాడు ఇంజనీరు. ఇక సంఘపెద్ద అందరి ముందూ, "సిలువంటే సిగ్గా మాస్టారూ?" అనేశాడు. క్రైస్తవుణ్ణి అంతకన్నా పెద్ద మాట అనడానికి లేదు. ప్రదర్శన అయ్యాక పిల్లల్ని ఇంకొకరికి అప్పగిస్తామని కూడా చెప్పాడు. మాస్టారి కళ్ళలో నీళ్ళు నేను చూసింది ఆ ఒక్కరోజే. అయినా రెండు రోజులకే షాపు తలుపు తోసుకొచ్చారు.

"అమ్మాయ్, ఆ కాలంలో మన గోదారి ఒడ్డున సైనికులే లేరా?"

ఆయన వెనకాలే వర్క్‌షాపులో పనిచేసే కడపాయన. తమ వైపు గుళ్ళలో తీసిన ఫొటోలు ఫోనులో చూపించాడు. "ఇంగో చూడక్కా, రాతి మింద ఎట్ల ఉండారో మన సిపాయిలు. పంచె ఎగ్గట్టుకోని, డాలు పట్టుకోని." ఇంజనీరుకి ఆ ఫొటోలు పంపితే ఆయనకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. వేడి దేశాల్లో ఇనుముకి బదులు గుడ్డ పొరలు కలిపి కుట్టిన కవచాలు తొడిగేవారని తనే చెప్పాడు. గుడ్డ పొరలు కలిపి కుట్టడమంటే మాకు బొంత! మా అమ్మమ్మ నాకు నడక తర్వాత నేర్పింది అదే. పాత చీరలు పన్నెండు పొరలు పేర్చి, మూడు వారాల్లో మాస్టారికి బొంత కవచం కుట్టాను. ఈసారి వేళ్ళు నొప్పెట్టినా కిమ్మనలేదు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం సంఘంలో సగం మంది ఎడారికి వచ్చారు. తప్పు పట్టడానికే వచ్చారని నా అనుమానం. పంచె ఎగ్గట్టి, బొంత తొడిగి, తన చేత్తో రేకు కొట్టి చేసుకున్న టోపీ పెట్టుకుని మాస్టారు బరిలోకి నడిచారు. ఎదురుగా కువైటీ టీచరు, ఆయనకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. ముందు మూడు దెబ్బలు తగిలించినవాడిదే గెలుపు. చెరో రెండూ అయ్యాక మాస్టారు ఇసకలో కాలు జారి మోకాలి మీద పడ్డారు. అయిపోయిందనుకున్నాం. ఆ మోకాలి మీదనుంచే, టీచరు డాలు కిందుగా, అతని తొడ మీద ఫట్‌మని తగిలించారు!

"స్తోత్రం!" అని మావాళ్ళు ఎడారి దద్దరిల్లేలా అరిచారు. కడపాయన ఈల వేశాడు. పిల్లలు తాడు దాటి పరిగెత్తారు. మా సంఘపెద్ద ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, కనబడిన ఫిలిప్పీన్స్ వాళ్ళకీ కువైటీలకీ తెలుగులోనే చెబుతున్నాడు. "ఆయ్! మా మాస్టారండీ! మా సండే స్కూల్ మాస్టారండీ ఆయన!" పిల్లల్ని ఇంకొకరికి అప్పగించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మొన్న సెలవుకి వెళ్ళేదాకా ఆ క్లాసు ఆయనదే.

కవచం వీపు వెనక నాడాలతో కట్టాను. చెమటకి తడిసి ముళ్ళు బిగుసుకుపోయాయి. కోసేద్దామని కత్తెర తీసుకుని వెళ్ళాను. అప్పటికే ఓడిపోయిన టీచరు మాస్టారి వెనక ఇసకలో మోకాళ్ళూని ఉన్నాడు. నా చేతిలో కత్తెర చూసి "లా, లా," అని అరబ్బీలో వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. మొహం ఆ బొంతకి ఆనించి, మొదటి ముడిని పళ్ళతో పట్టి లాగుతున్నాడు. పొద్దు వాలాక వీచే చలిగాలికి మాస్టారి భుజాల మీంచి ఆవిరి లేస్తోంది, ఆయన కితకితలకి నవ్వుతూ, కదలకుండా నిలబడటానికి ప్రయత్నిస్తున్నారు.