ప్రమాణం చేయని గోడ

నా చిన్నప్పుడు మా అన్నకు నేనే బరువు. మాటవరసకు అనడం లేదు. పోలీసు ఉద్యోగం సెలెక్షనుకని అన్న ఒళ్ళు వంచుతున్న రోజులవి. చేనిగట్టు మీది చింతకొమ్మ పట్టుకుని, గడ్డం కొమ్మకు తగిలేదాకా పైకి లేచేవాడు. పదిసార్లు లేవడం సులువైపోయాక నన్ను నడుం పట్టుకుని వేలాడమనేవాడు. "రామ్మే, బరువు చాల్లేదు" అని కేకేస్తే చాలు, పలక పక్కన పడేసి పరిగెత్తేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అన్న పైకి లేస్తుంటే నేనూ లేచేదాన్ని. ఆకాశం దగ్గరైనట్టుండేది.

కానీ చింతకొమ్మ లావు. చెయ్యి పూర్తిగా పట్టదు. సెలెక్షనులో ఉండేది గుండ్రటి ఇనుప కడ్డీ. దాని మీద సాధన లేకపోతే అక్కడ చెయ్యి జారుతుందని అన్న దిగులు. ఇంకా నెలన్నర గడువుంది. ఆ సంవత్సరం దాటితే అన్నకు వయసు మీరిపోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గనక, మా నాయన పాత బోరు పైపు ముక్కొకటి తెప్పించి, మేం బెల్లం నిలవ ఉంచే కొట్టు గోడకు బిగించమని ఫిట్టరు మామకు చెప్పాడు.

ఫిట్టరు మామ మాకు చుట్టమేం కాదు. చిత్తూరులో వెల్డింగు నేర్చుకుని కొత్తగా మా ఊరొచ్చిన మనిషి. ఊళ్ళో పిల్లలందరికీ మామే. నిఖార్సయిన మనిషి. మోటారు బాగుచేస్తే మిగిలిన నట్టు కూడా తెచ్చి ఇచ్చేవాడు. ఆయన పైపుకు రెండు పక్కలా ఇనుప చేతులు అతికించాడు. మొత్తం కలిపి ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవనంత బరువు తేలింది. గోడలో ఉలితో రంధ్రాలు చేసి, వాటిలో చెక్క మేకులు దిగ్గొట్టి, ఆ చెక్కల్లోకి పొడుగాటి స్క్రూలు బిగించాడు. తానే ఒకసారి వేలాడి చూపించాడు. మా అమ్మ పైపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది. ఒక చెక్క మేకు పక్కన సున్నం పూతలో సన్నటి నెర్రె కనిపిస్తే దాని మీద ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టింది.

సరిగ్గా అప్పుడే మేస్త్రి తాత వచ్చాడు. నుదుటి నిండా విభూతి, చెవి వెనక బీడీ ముక్క, భుజాన సంచి. మా ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన చేతి మీద లేచినవే. మజ్జిగ తాగడానికని ఆగిన మనిషి, గ్లాసు కింద పెట్టి, తాపీ కర్రపిడితో గోడ మీద అక్కడక్కడా తట్టాడు. ఒక చోట ఒక శబ్దం, ఇంకో చోట ఇంకో శబ్దం.

"ఇది మట్టితో కట్టిన గోడప్పా. పైన సున్నం పూసినారు గానీ, ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉండేది ఎర్రమన్నే. నీ చెక్క యాడ దిగిందో సూసినావా? ఇటుకలోనా, మట్టి సందులోనా?"

ఫిట్టరు మామకు ముఖం ఎర్రబడింది. "నేను వేలాడి సూపిస్తి కదా పెద్దాయనా! పడిందా?"

"నువ్వు వేలాడినావు. ఆ పిల్లోడు వేలాడి ఊగుతాడు. వాడి నడుముకు ఈ పాప వేలాడతాది. రోజూ."

మాటా మాటా పెరిగింది. చూడ్డానికి నలుగురు చేరారు. ముసలాయన చాదస్తమని కొందరు, కుర్రాడికి పొగరని కొందరు. ఫిట్టరు మామకు రోషం వచ్చేసింది. రేపే కాణిపాకం పోయి దేవుడి ముందు ప్రమాణం చేస్తానన్నాడు. అన్నంత పనీ చేశాడు. తెల్లారి స్నానం చేసి, తడిబట్టలతో నిలబడి, తన పనిలో మోసం లేదనీ ఆ కడ్డీ ఊడదనీ ప్రమాణం చేసి, ప్రసాదంతో సహా మా ఇంటికొచ్చాడు.

ఈ మాట వేరే ఊరివాళ్ళకు అంతగా తట్టకపోవచ్చు. మా వైపు తగవు ఎంత పెద్దదైనా, కాణిపాకంలో ప్రమాణం దగ్గర తెగిపోతుంది. ఆ తరువాత దాని మీద నోరెత్తడం మర్యాద కాదు. అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని అందరి నమ్మకం. అందుకే ఎవరూ అంత తేలిగ్గా చేయరు. చేసినవాణ్ణి ఎవరూ శంకించరు. మా నాయన ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు. అన్న చొక్కా విప్పేశాడు. నేను అప్పటికే గోడ కింద నిలబడి, అన్న ఎప్పుడు లేస్తాడా, నడుం ఎప్పుడు పట్టుకుందామా అని ఎగురుతున్నాను.

ప్రమాణం సంగతి విని వచ్చిన మేస్త్రి తాత కూడా ప్రసాదం తీసుకున్నాడు. నోట్లో వేసుకుని, చెయ్యి తలకు తుడుచుకుని, నన్ను రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. ఆ తరువాత ఆయన ఫిట్టరు మామతో చెప్పిన మాటలు నాకు ఈ వయసులోనూ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నువ్వు ప్రమాణం చేసినావు. నాకు నమ్మకముండాది, నువ్వు అబద్ధం చెప్పలే. కానీ గోడ యింకా ఏమీ చెప్పలే కదబ్బా. దాన్ని కూడా ఒక మాట అడుగుదాం."

అడగడమంటే ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. తాత బెల్లం గోతాలు తెప్పించి ఇసుక నింపించాడు. అన్న ఎంత బరువుంటాడో మా నాయనను అడిగి, దానికి నా బరువు కలిపి, అంతకు మూడింతలు కావాలన్నాడు. మూడింతలెందుకని అన్న విసుక్కున్నాడు. "నిలబడినోడి బరువు వేరు, ఎగిరి పట్టుకున్నోడి బరువు వేరు నాయనా" అన్నాడు తాత. గోతాలు ఒక్కొక్కటీ మోకుతో కడ్డీకి కట్టించాడు. మొదటిదానికి ఏమీ కాలేదు. రెండోదానికీ ఏమీ కాలేదు. ఫిట్టరు మామ మీసం మీద చెయ్యి వేశాడు. ఎవరో నవ్వారు. "తాతా, యింక సాల్లే, నీ గోతాలు నువ్వు మోసుకుపో" అని వెనక నుంచి ఒక గొంతు. మూడో గోతానికి అమ్మ పెట్టిన బొట్టు మధ్యలో గీత పడింది. తాత అందరినీ పది అడుగులు వెనక్కి తోసి, దూరం నుంచి మోకు పట్టి ఒక్క కుదుపు కుదిపాడు.

గోడ బదులు చెప్పింది. చెక్క మేకులు ఇటుకలతో సహా ఊడివచ్చాయి. ఇనుప చేతులతో పాటు పైపు నేల మీద పడిన చప్పుడుకు కొట్టంలో గొడ్లు బెదిరాయి. ఎర్రమట్టి దుమ్ము తగ్గాక చూస్తే, ఒక ఇనుప చెయ్యి మొన నేలలో జానెడు దిగి ఉంది. కాసేపటి కిందట నేను ఎగురుతున్న చోటు అదే. నిమ్మకాయ మాత్రం పైపుకు భద్రంగానే ఉంది.

అమ్మ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. అన్న తన చేతుల వైపు చూసుకుంటూ నిలబడిపోయాడు. అయితే ఆ క్షణంలో అందరికంటే భయపడినవాడు ఫిట్టరు మామ. అబద్ధపు ప్రమాణం చేసిన మనిషిగా ఊరు తనను చూస్తుందని ఆయనకు వెంటనే అర్థమైంది. అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. "నేను అబద్ధం చెప్పలేదు, నేను అబద్ధం చెప్పలేదు" అంటూ ఆయన ఇటుకల మధ్య కూలబడ్డాడు.

ముసలాయన గెలిచాడు కదా, ఇప్పుడు ఏమంటాడోనని అందరూ చూస్తున్నారు. తాత ఆయన పక్కనే గొంతుక్కూచున్నాడు. చెవి వెనక బీడీ తీసి ఆయనకిచ్చాడు. ఊరందరికీ వినపడేటట్టు అన్నాడు: "నువ్వు అబద్ధం చెప్పలేదప్పా. నీకు తెలిసిందే చెప్పినావు. తెలిసింది తప్పు. అంతే. లే, యింక పని ఉండాది."

మరునాటి నుంచి ఇద్దరూ కలిసి పనిచేశారు. కడ్డీ వచ్చే మేర పాత గోడ విప్పి, ఇటుక, సిమెంటుతో కట్టారు. గోడ మందమంతా ఆక్రమించే రాతి బండలు రెండు అందులో పెట్టారు. బండల గుండా ఈ పక్కనుంచి ఆ పక్కకు రంధ్రాలు చేసి, పొడుగాటి బోల్టులు దూర్చి, వెనక ఇనుప పలకలు వేసి నట్లు బిగించారు. గోడకు తడి గోతాలు కప్పి రోజూ నీళ్ళు కొట్టాలని తాత ఆజ్ఞ. రోజులు పోతున్నాయని అన్న గోల. తాత వినలేదు. సిమెంటు ఆరిందన్నాక మళ్ళీ ఇసుక గోతాలు, మళ్ళీ కుదుపులు. ఈసారి రెండు రోజులు అలాగే ఉంచాడు. కడ్డీ వెంట్రుకవాసి కదలలేదు. అప్పుడు తాత అమ్మను పిలిచి, "యిప్పుడు కట్టమ్మా నిమ్మకాయ" అన్నాడు.

అన్నకు ఉద్యోగం వచ్చింది. ఫిట్టరు మామ మా ఊళ్ళోనే ముసలివాడయ్యాడు. ఆయన ప్రమాణం సంగతి ఎవరూ ఎత్తిపొడవలేదు. ఎత్తబోయినవాళ్ళకు మేస్త్రి తాత మాట అడ్డం వచ్చేది.

నేను పెద్దయ్యాక మూఢనమ్మకాల మీద యుద్ధమే నా పని అనుకున్నాను. రాశాను, సభల్లో అరిచాను, పెద్దపెద్దవాళ్ళతో వాదించాను. నిమ్మకాయ గోడను నిలబెట్టదని వందసార్లు చెప్పాను, ఇప్పుడూ చెప్తాను. కానీ చాలా ఏళ్ళు నేను ఒక తప్పు చేశాను. ఎదుటివాడు నమ్మినదాన్ని ఖండిస్తూ, వాణ్ణి దొంగ అన్నాను, మోసగాడు అన్నాను. వాళ్ళలో కొందరు నిజంగా మోసగాళ్ళే. వాళ్ళను అన్నందుకు నాకు ఏ చింతా లేదు. ఎక్కువమంది మాత్రం ఫిట్టరు మామలు. నిజాయితీగా, తడిబట్టలతో నిలబడి, తప్పు చెప్పినవాళ్ళు. మనిషి సత్యవంతుడైనంత మాత్రాన ఆయన చెప్పింది సత్యం కాదు. అది తేల్చేది గోడ. ఈ ముక్క నాకు పుస్తకాల్లో చాలా ఆలస్యంగా దొరికింది. దాన్ని తొమ్మిదేళ్ళకే నా కళ్ళముందు పెట్టినవాడు, రోజూ విభూతి పెట్టుకునే ఒక ముసలి మేస్త్రి. నన్ను ఎవరు తయారుచేశారని అడిగేవాళ్ళు ఏ పెద్ద సంస్కర్త పేరో చెప్తానని ఎదురుచూస్తారు. ఈ జవాబుకు వాళ్ళు కొంచెం నిరాశపడతారు.

మొన్న తిరుపతిలో మా మనవరాలు తన ఫ్లాటు గోడకు వ్యాయామం చేసే కడ్డీ బిగింపించుకుంది. బిగించిన కుర్రాడు, "గ్యారంటీ అవ్వా, మా అమ్మ మీద ఒట్టు, ఏనుగు వేలాడినా ఊడదు" అన్నాడు. వేళ్ళ కణుపులతో తట్టి చూశాను. డొల్ల ఇటుక గోడ. కుర్రాడి ముఖం చూశాను. అబద్ధం లేదు. తిట్టాలనిపించలేదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

"నువ్వు మంచోడివే నాయనా. నీ మాట నేను నమ్మినాను. ఆ మూల బియ్యం మూటలుండాయి, పట్టుకురా. గోడను కూడా ఒక మాట అడుగుదాం."