అక్క చీల్చిన అభ్రకం

పల్చటి లోహపు పొరలో అయస్కాంత శక్తి ఏ మూల ఎటు తిరిగి ఉంటుందో ఫోటో తీయడం నా ఉద్యోగం. అరవైలలో, ఉత్తరాదిన ఒక ప్రయోగశాలలో చేరాను. అభ్రకం రేకు మీద ముందు ఉప్పు పూత, ఆపైన ఇనుము, నికెల్ కలిపిన పూత వేసేవాళ్లం. నీళ్లలో ముంచితే ఉప్పు కరిగి లోహపు పొర పైకి తేలేది. దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి, బొమ్మను కావాలనే కాస్త మసక చేస్తే, ఒక దిక్కుకు తిరిగిన భాగానికీ పక్కదానికీ మధ్య సరిహద్దులు నల్లగా, తెల్లగా గీతలై కనబడేవి. ఈ పని తెలిసినవాళ్లు దేశంలో బహు తక్కువని నాకు పొగరు.

అభ్రకం మా అక్క పంపేది. ఆమెను గూడూరు వైపు ఇచ్చారు. అక్కడ అభ్రకం గనుల షెడ్డులో ఏళ్ల తరబడి రేకులు చీల్చింది. బావ పోయాక, దగ్గుతూ, కృష్ణపట్నం దాపున ఉన్న మా ఊరికి వచ్చేసింది. సముద్రపు గాలికి తగ్గుతుందని అమ్మ ఆశ. గూడూరు నుంచి తెచ్చుకున్న ముక్కల్ని ఇంట్లోనే చీల్చి నాకు పంపేది. చిన్న కత్తితో అక్క చీల్చినంత పల్చగా మా ల్యాబులో ఎవరికీ చేతకాదు.

సెలవులకు వెళ్లినప్పుడు అడిగింది, "నీ మిషన్లో ఏందిరా కనపడేది?"

"కంటికి ఆననివన్నీ కనపడతాయక్కా. దాని కింద ఏదీ దాగదు."

"మనిషికుండే జబ్బు గూడానా?"

"ఓ, భేషుగ్గా!" అన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, ఆ తరహా కోతలు. నేనే నవ్వాను. ఆమె నవ్వలేదు.

వానాకాలంలో వచ్చిన పొట్లంలో ఒక రేకు మీద పచ్చగా ఏదో ఎండి అంటుకుని ఉంది. మధ్యలో గోధుమరంగు చార. బెల్లం చేత్తో పట్టుకుందనుకుని ఒళ్లు మండింది. రేకును చెత్తబుట్టలో పడేసి ఉత్తరం రాశాను: "ఒక రేకు చూశాను. మురికి తప్ప ఏమీ లేదు. చేతులు కడుక్కుని చీల్చు."

ఆ తర్వాత మూడు పొట్లాలు అద్దంలా వచ్చాయి. నాలుగోదానికి బదులు టెలిగ్రాం వచ్చింది.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. నెల్లూరు ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదని అమ్మ మీద అరిచాను.

"పిలిస్తే వస్తే గదరా!" అంది అమ్మ. "నెత్తురు పడతా ఉండాదని తెలిస్తే మన గడప ఎవురూ తొక్కరని, చెప్పొద్దనింది. కళ్లె ఆ రేకు మీద ఎండబెట్టి నీకు పంపించింది. మురికే, ఇంకేం లేదని నువ్వు జాబు రాసినావు. బళ్లో అయివోరి చేత రెండుసార్లు చదివించుకునింది. తమ్ముడు చూసినాడు, ఇంక ఆసుపత్రి ఎందుకని కూసునింది."

కళ్లెలో క్షయ క్రిములు చూడటానికి నా మిషన్ అక్కర్లేదు. నెల్లూరు ఆసుపత్రిలో ఉండే మామూలు మైక్రోస్కోపు చాలు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"బాగానే చూసినావు గదరా?" అంది అమ్మ.

"చూశానమ్మా," అన్నాను.