గంగమ్మ షెడ్డులో నీలం బిళ్ళ

రిటైరవడానికి రెండేళ్ల ముందు, శ్రావణమాసంలో, హిందూపురంలోని మా పట్టు విభాగం నుంచి నన్ను పెనుకొండ దగ్గరి ఒక పల్లెకు వేశారు. అప్పుడు నేను సీనియర్ టెక్నికల్ అసిస్టెంటును. నా పైన సైంటిస్టు ఉండేవాడు, నా కింద ఎవరూ లేరు, కాబట్టి పెట్టె మోసే పని కూడా నాదే.

పెట్టెలో ఉన్నది వేలెడంత గాజుబిళ్ళ, దాని మీద పలుచటి నీలం పూత. ప్లాస్టిక్ బక్కెట్లకూ ప్రింటింగు సిరాకూ వాడే రంగే అది. అర్ధవాహకం కూడా, అంటే కరెంటును కొద్దికొద్దిగానే పోనిస్తుంది. ఎండ నుంచి కరెంటు తీసే పలకల్లో దాన్ని వాడాలని ప్రయోగాలు జరుగుతున్నాయి. మాకు కావలసింది దాని ఇంకో గుణం. అమ్మోనియా తగిలితే అది కరెంటును మరింత అడ్డుకుంటుంది, దానికి తగిలించిన మీటరులో అంకె పెరుగుతుంది. పట్టుపురుగులు మేసే పడకలో మిగిలిన ఆకూ రెట్టా కలిసిన చెత్త కుళ్ళితే వచ్చేది ఆ వాయువే.

దాన్ని పరీక్షించింది గంగమ్మ అనే రైతు పురుగుల షెడ్డులో. ముందు పంట రోగంతో పోయింది. "ఇదీ పోతే మల్బరీ తోట పెరికేసి శెనక్కాయ ఏసుకుంటా సార్" అని మొదటిరోజే చెప్పింది. ధర్మవరం మగ్గాలకు పోయే పట్టు తన చేతుల్లో పుడుతుందని ఆమెకు గర్వం. పురుగులకు రోగం తగలకుండా, కాళ్ళు మందునీళ్ళతో కడుక్కోనిదే ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు, నన్నైతే రెండుసార్లు కడిగించేది. ఆకు వేశాక పురుగులు మేసే చప్పుడు వింటూ ఇద్దరం ఊరికే నిలబడేవాళ్ళం. ఆ చప్పుడు కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. జ్వరమంటే రోగం కాదు, మేత మాని చర్మం విడిచే దశ. పడక ఆరడానికి అప్పుడు సున్నం చల్లుతారు. వానలకు పడక తడిసి ఉందని గంగమ్మ మందంగానే చల్లింది. కాసేపటికి మీటరు అంకె మూడింతలైంది.

తడి చెత్త మీద సున్నం పడితే అమ్మోనియా ఒక్కసారిగా లేస్తుంది. నాకు తట్టాల్సిన విషయమే. నేను మాత్రం వాన తేమకు బిళ్ళ చెడిందనుకున్నాను. "కండ్లు మండుతాండాయి సార్, కిటికీలు తీస్తా" అంది గంగమ్మ. గాలి మారితే పరీక్ష పాడవుతుందని, రేపు పొద్దున దాకా తీయొద్దన్నాను. "సదువుకున్నోళ్లు, మీరు సెప్పినట్లే కానీలే" అని తెరలు దించేసింది.

మర్నాడు కొత్త బిళ్ళ పెట్టి చూశాను. అదే అంకె, అంటే చెడింది బిళ్ళ కాదు, షెడ్డులో గాలి. అప్పుడు కిటికీలు తెరిపించాను. జ్వరం నుంచి లేచిన పురుగుల్లో చాలావరకు ఆకు ముట్టలేదు. సగం పంట గూడు కట్టలేదు. గంగమ్మ దీపావళిలోగా తోట పెరికేసింది.

పెనుకొండ మీదుగా బస్సులో వెళ్ళినప్పుడల్లా దిగి ఆ షెడ్డు దాకా పోవాలనిపిస్తుంది. దిగను.

పరికరం ప్రమాదం చూపిస్తే ముందు కిటికీలు తీయాలి, పరికరాన్ని అనుమానించేది ఆ తరవాత. మా రీడింగుల ఫారంలో తేమకు, వేడికి, అంకెకు గడులున్నాయి, రైతు ఏమందో రాసే గడి లేదు. రిటైరయ్యేలోగా ఆ గడి నేనే పెట్టించాను.