ఆ గోల్ ఎవరిదో తేల్చుకోవడానికి రైసూత్ దాకా

మస్కట్ నుంచి సలాలాకు కారులో వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగానే ఒక మాట. రోడ్డు బాగుంది, పెట్రోలు మన దేశంతో పోలిస్తే చవక, ఎడారి మధ్యలో కూడా వేడివేడి చాయ్ దొరుకుతుంది. వెయ్యి కిలోమీటర్లంటే భయపడాల్సిన పనేమీ లేదు. అయితే మీ కారులో ఒకప్పటి కాలేజీ ఫుట్‌బాల్ వీరులు ఇద్దరు ఎక్కితే మాత్రం నన్ను తిట్టుకోవద్దు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు. నేను రెండు పిల్లుల్ని పెట్టుకుపోయాను.

ప్రయాణం మొదలైంది గంగారాం వల్ల. నిజామాబాద్ వైపు మేము చదివిన డిగ్రీ కాలేజీ జట్టుకు అతను గోల్ కీపర్. రైసూత్‌లో, అంటే సలాలా పక్కనున్న ఫ్యాక్టరీల ప్రాంతంలో, పదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఇప్పుడు వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోతున్నాడు, మళ్లీ రాడు. పోయేముందు శుక్రవారం సాయంత్రం క్యాంపు గ్రౌండులో ఆఖరి మ్యాచ్. ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "సాయిలునూ లింబాద్రినీ పట్టుకరావాలె. మా కాలేజీల గసుంటి ప్లేయర్లు ఉండెటోళ్లని పదేండ్ల సంది ఈడ జెప్తున్న. ఒక్కడు నమ్మడు. గంగారాం గప్పాలు అని పేరు వెట్టిన్రు. గా పేరుతోని ఇంటికి పోవుడు నాకు ఇష్టం లేదు."

సాయిలు మా సెంటర్ ఫార్వర్డ్. ఇప్పుడు మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఒక ఒమానీ విల్లాలో డ్రైవరు. లింబాద్రి లెఫ్ట్ వింగ్. మస్కట్‌లోని వాదీ కబీర్ అనే పేటలో ఏసీ డక్టుల వర్క్‌షాప్‌కు ఫోర్‌మన్. ఆ రోజుల్లో ఈ ఇద్దరికీ మా ఊళ్లో హోటల్లో చాయ్ ఊరికే ఇచ్చేవాళ్లు, బస్సు కండక్టరు టికెట్ అడిగేవాడు కాదు, స్పోర్ట్స్ రూములో గోడకు ఫోటోలు ఉండేవి. నేనూ ఆ జట్టులోనే ఉన్నాను. రిజర్వు ఆటగాడిని. మూడేళ్లలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. నాకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ ఈ ముగ్గురూ ఈ రోజుకీ నన్ను "బెంచీ" అనే పిలుస్తారు.

ఇద్దరు హీరోలకూ ఇరవై ఏళ్లకు పైగా ఒకటే తగాదా. అంతర్ కళాశాలల ఫైనల్లో మేము ఒక్క గోల్‌తో గెలిచాం. ఎడమ వైపు నుంచి లింబాద్రి బంతిని గాల్లోకి లేపి కొట్టాడు, గోల్ ముందు సాయిలు ఎగిరాడు, బంతి లోపలికి వెళ్లింది. సాయిలు తలకు తగిలి వెళ్లిందని సాయిలు అంటాడు. వాడి వెంట్రుకకు కూడా తగల్లేదు, నేరుగా వెళ్లిందని లింబాద్రి అంటాడు. ప్రతి శుక్రవారం ఇద్దరూ విడివిడిగా గంగారాంకు ఫోన్ చేసి, "నువ్వు ఎదురుంగనే ఉంటివి, నువ్వే సాక్షివి, చెప్పు" అని పీడిస్తారు. అతను ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి దాటవేస్తాడు. ఇప్పుడు గంగారాం వెళ్లిపోతున్నాడనగానే ఇద్దరూ లీవు పెట్టేశారు. స్నేహం కోసం కాదు, సాక్ష్యం కోసం. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించాలట.

గురువారం పదకొండుకల్లా సీబ్ నుంచి బయల్దేరాలనుకున్నాం. లింబాద్రీ నేనూ వాదీ కబీర్ నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం చేసి సమయానికే చేరాం. సాయిలు మాత్రం తన అర్బాబ్ (యజమాని) పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చి ఇంట్లో దింపి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. కారు అతనిదే, పాతది. ఇక్కడ డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు కదా. జన్మంతా ఎడమ పక్క ఆడిన మనిషిని కుడి పక్కన కూర్చోబెట్టాడని లింబాద్రి నస మొదలుపెట్టాడు. ఏసీ ఎంత పెట్టాలన్న దాని మీద నిజ్వా దాకా, అసలు నిజ్వాలో ఆగాలా వద్దా అన్న దాని మీద ఆదమ్ దాకా వాదించుకున్నారు. నేను వెనక సీట్లో బంతుల సంచి, నీళ్ల డబ్బాలు, ముగ్గురి బూట్ల మధ్య ముడుచుకుని కూర్చున్నాను. నిజ్వా కోట గురించి ఈ బ్లాగులో రాయమని చాలామంది అడిగారు. దూరం నుంచి గుండ్రంగా కనిపించింది. అంతే చూశాను.

ఆదమ్ దాటాక రెండు పక్కలా ఏమీ ఉండదు. నిజంగానే ఏమీ ఉండదు. చదునైన నేల, కరెంటు స్తంభాలు, అక్కడక్కడా ఒక లారీ. చీకటి పడే వేళకు హైమా చేరాం. సలాలా దారికి అది సుమారు సగం. ముగ్గురికీ ఒకే గది తీసుకుంటే పదిహేను రియాళ్లయింది. గది శుభ్రంగానే ఉంది. ఏసీ గొడవ మళ్లీ మొదలైంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే దాన్ని కడుపులో పెట్టుకునే నేను ప్రయాణం చేస్తున్నాను. ఆ గోల్‌ను గంగారాం చూడలేదు. మా జట్టు బంతితో మధ్య గీత దాటిందంటే చాలు, అతను వెనక్కి తిరిగి, ఎడమ పక్క పోల్‌ను పట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. ఒకసారి అతను చూస్తుండగా పెనాల్టీ పోయింది. అప్పటి నుంచి తాను చూస్తే గోల్ పడదని నమ్మకం. పీడీ సార్ తిట్టి తిట్టి వదిలేశారు. కేకలు విన్నాకే ఇటు తిరిగేవాడు. ఇది సాయిలుకీ లింబాద్రికీ తెలియదు. ఫార్వర్డులు కదా, ఎప్పుడైనా వెనక్కి చూస్తేగా! మా బెంచి గోల్ పక్కనే ఉండేది కాబట్టి నాకు తెలుసు. ఇప్పుడు ఆ ముక్క చెప్పానా, ఇద్దరూ హైమా నుంచే కారు వెనక్కి తిప్పేస్తారు, గంగారాం క్యాంపులో గప్పాలరాయుడిగానే మిగిలిపోతాడు. ఇంకో విషయం. ఆ గోల్‌ను అందరికంటే బాగా చూసింది నేను. ఇరవై ఏళ్లలో ఒక్కరంటే ఒక్కరు నన్ను అడగలేదు.

శుక్రవారం పొద్దున ఏడింటికి బయల్దేరితే మధ్యాహ్నం రెండుకల్లా రైసూత్‌లో ఉండొచ్చు. బయల్దేరితే కదా! హైమాలో మలయాళీ చాయ్ దుకాణం ఒకటి ఉంది. కరక్ చాయ్, పరోటా, గుడ్డు కూర. ముగ్గురం రెండు రియాళ్ల లోపే కడుపునిండా తిన్నాం. దుకాణం భాయ్ కూడా ఫుట్‌బాల్ పిచ్చోడే. వీళ్ల మాటల్లో బంతి అన్న పదం పట్టుకుని, "క్యా హువా భాయ్, గోల్ కిస్‌కా థా?" అని అడిగాడు. అంతే. దుకాణం వెనక ఖాళీ స్థలంలో రెండు నూనె డబ్బాలు పెట్టి ఇద్దరూ ఆ గోల్‌ను మళ్లీ ఆడి చూపించారు. పరోటాలు తిన్న పొట్టలతో. ఒక్కసారి కాదు. లింబాద్రి కొట్టిన మూడు బంతులూ రోడ్డు మీదికే వెళ్లాయి. నాలుగోదానికి సాయిలు ఎగిరాడు, నేల మీదికి వచ్చాక మాత్రం నిటారుగా నిలబడలేకపోయాడు. నడుం పట్టేసింది.

"నీ తలకు తగల్లె, నడుముకు తగిలింది" అన్నాడు లింబాద్రి.

"నువ్వు గప్పుడు గూడ గిట్లనే కొట్టినవ్, నేను ఎగిరి అందుకున్న గనుక సరిపోయింది" అని నేల మీద నుంచే సాయిలు.

భాయ్ ఐసుగడ్డలు తెచ్చి నడుముకు పెట్టాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరి మీద కోపం చూపించాలో తెలియక నేను చాయ్ గ్లాసులు తీసుకెళ్లి లోపల పెట్టాను. బయటపడేసరికి తొమ్మిదిన్నర. లింబాద్రికి లైసెన్సు లేదు. డ్రైవింగ్ నా నెత్తిన పడింది. సాయిలు ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు, లింబాద్రి వెనక ఎడమ కిటికీ దక్కించుకుని మొదటిసారి సంతోషంగా కనిపించాడు.

హైమా నుంచి తుమ్రైత్ దాకా దారి పొడుగునా ఒంటెలు రోడ్డు దాటుతుంటాయి. మనం హారన్ కొడితే అవి ఆగి మనల్నే చూస్తాయి. మధ్యలో నమాజు వేళ అయింది, శుక్రవారం మధ్యాహ్నం పెట్రోలు బంకు దుకాణం కూడా మూసేశారు, గంటకు పైగా నీళ్ల సీసా కూడా దొరకలేదు. గంగారాం మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఏడున్నరు? ఈడ అందరూ నవ్వుతున్నరు. రాకుంటే రామని చెప్పున్రి, నేనేదో ఒకటి జెప్పుకుంట" అన్నాడు. ఆ గొంతు విని నాకు కోపం ముంచుకొచ్చింది. గంగారాం మీద కాదు.

"మీ ఇద్దరి గోల్ ఖల్లివల్లి!" అన్నాను, ఇక్కడి భాషలో గంగలో కలవనీ అన్నట్టు. "ఆ మనిషి పదేండ్లు మీ పేర్లు జెప్పుకొని బతికిండు. మీరు పరోటాలు తినుకుంట కూసున్నరు."

తుమ్రైత్ దాటి కొండల మీద నుంచి సలాలా వైపు దిగుతున్నంతసేపూ కారులో మాట లేదు. ఆ దిగుడు దారి ఎంత అందంగా ఉంటుందో, కింద పచ్చటి కొబ్బరి తోటలు, వాటి వెనక సముద్రం ఒక్కసారిగా ఎలా కనిపిస్తాయో ప్రశాంతంగా చూడగలిగాను. ఈ మొత్తం ప్రయాణంలో టూరిజం అనదగ్గది ఆ అరగంటే.

రైసూత్ చేరేసరికి మ్యాచ్ సగం అయిపోయింది. క్యాంపు వెనక మట్టి గ్రౌండు, చుట్టూ వంద మంది దాకా జనం, బెంగాలీలు, పాకిస్తానీలు, మలయాళీలు, మనవాళ్లు. గంగారాం జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. అతను బంతి వైపు కాదు, రోడ్డు వైపు చూస్తున్నాడట, ఆ గోల్ అలాగే పడిందట. మా కారు కనిపించగానే రెండు చేతులూ పైకెత్తాడు. "ఆగయే! మేరే కాలేజ్ కే హీరో!" అని అరిచాడు. కారులోంచి ముందు లింబాద్రి పొట్ట దిగింది. తర్వాత నడుం పట్టుకుని సాయిలు దిగాడు. గ్రౌండంతా గొల్లుమంది. గంగారాం ముఖం చూడలేక నేను బూట్ల సంచి విప్పుతూ కూర్చున్నాను.

ఇద్దరినీ ఆఖరి ఇరవై నిమిషాలకు దింపారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు, గంగారాం గోల్ పక్కనే. అలవాటైన చోటే కదా! మొదట వీళ్ల పరుగు చూసి జనం ఈలలు వేశారు. కాసేపటికి ఈలలు తగ్గాయి. లింబాద్రికి ఊపిరి అందడం లేదు గానీ కాలు మాత్రం మరిచిపోలేదు. ఎడమ గీత వెంట ఒకణ్ని దాటాడు, ఇంకొకణ్ని దాటాడు. బంతి మధ్య గీత దాటింది. నా పక్కన గంగారాం వెనక్కి తిరిగి, పోల్ పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. జుట్టు నెరిసింది గానీ మనిషి మారలేదు.

"గంగన్నా, ఇదే ఆఖరుది" అన్నాను. "వాళ్లు గోల్ కొట్టంగ నువ్వు ఒక్కసారన్న సూసినవా? తిరుగు."

"పడదురా, నేను సూస్తే పడదు."

"పడకుంటే పడకపోనియ్యి. నువ్వైతే సూడు."

తిరిగాడు. పోల్ మాత్రం వదల్లేదు. లింబాద్రి బంతిని లేపి కొట్టాడు, గోల్ ముందు సాయిలు నడుం నొప్పితో మూలుగుతూనే ఎగిరాడు, బంతి లోపలికి వెళ్లింది. గ్రౌండు దద్దరిల్లింది. గంగారాం నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. నిజం చెప్తున్నా, రెండు రోజుల చిరాకంతా ఆ ముఖం చూశాక ఎటు పోయిందో తెలియదు.

ఆ చిరాకు తిరిగి రావడానికి అర నిమిషం పట్టింది. ఇద్దరు వీరులూ ఒకరినొకరు తోసుకుంటూ గ్రౌండంతా దాటుకుని గంగారాం ముందుకు వచ్చారు. "నాదే గద?" అని ఒకడు. "వానికి తగిలిందా? నువ్వు జెప్పు!" అని ఇంకొకడు. గంగారాం మొఖం తుడుచుకున్నాడు. నా వైపు ఒకసారి చూశాడు.

"నేను సూడలేదురా. మీరు అటు పోతే నేను ఇటు మర్లి నిలవడ్త. నాకు గది అలవాటు."

"గప్పుడు? ఫైనల్ల?" అన్నాడు సాయిలు.

"గప్పుడు గూడ."

ఇరవై ఏళ్ల సాక్షి అలా కూలిపోయాడు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగి మళ్లీ మొదలుపెట్టారు. మ్యాచ్ ఒకటి ఒకటితో సమానంగా ముగిసింది. క్యాంపులోని బెంగాలీ కుర్రవాళ్లు గంగారాంను భుజాల మీదికి ఎత్తుకున్నారు. గప్పాలు అన్న మాట ఇంక ఎవరి నోటా వినబడలేదు. తర్వాత క్యాంపు మెస్సులో చేపల కూరతో అన్నం పెట్టారు. వాళ్లిద్దరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు గంగారాంను అడిగాను, కళ్లారా చూసి కూడా చూడలేదని ఎందుకు చెప్పావని.

"సూసిన. మంచిగ సూసిన" అన్నాడు. "ఎవ్వరిదో చెప్తే ఇగ శుక్కురారం నాకు ఫోన్ ఎవడు జేస్తడురా?"

తిరుగు ప్రయాణం శనివారం. సాయిలు నడుం కుదుటపడి స్టీరింగ్ దగ్గరికి వచ్చాడు, నేను మళ్లీ వెనక సీట్లోకి వెళ్లాను. రోజంతా అదే కారు, అదే గొడవ. తుమ్రైత్ దాటాక ఎక్కడో సాయిలుకు హఠాత్తుగా ఏదో తట్టినట్టుంది. అద్దంలోంచి నన్ను చూస్తూ, "అరే బెంచీ, నువ్వు గాడనే కూసుంటివి గద. నువ్వు సూసినవా?" అన్నాడు. లింబాద్రి కూడా వెనక్కి తిరిగాడు. ఈ ప్రశ్న కోసం నేను ఇరవై ఏళ్లు ఎదురుచూశాను. జవాబు నాలుక చివరే ఉంది. గంగారాం పెట్టె సర్దుకుంటూ ఉంటాడు ఈ పాటికి అనిపించింది. "నేను నీళ్ల సీసలు నింపుతుంటి, సూడలే" అన్నాను. "ఎందుకూ పనికిరావురా నువ్వు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఇన్నేళ్లలో ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు, సంతోషం. మీలో ఎవరూ ఆ గోల్ ఎవరిదని కింద కామెంట్లలో అడగొద్దు, చెప్పను.

ఇక ఈ దారిలో వెళ్లేవాళ్లకు నా సలహా. అటు వెళ్లినా ఇటు వచ్చినా హైమాలో ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకోండి. ముందు సీట్లో ఉన్నవాళ్లు సరిపోతుందిలే అంటారు. వాళ్ల మాట వినొద్దు, పెట్రోలు మీటరు ముల్లు ఎక్కడుందో వెనక సీటు నుంచి శుభ్రంగా కనిపిస్తుంది.