టేకులో పడిన ఆహా

మా అమ్మాయి మొదటి ఆల్బమ్ రికార్డింగుకు నేను వంటమనిషిగా వెళ్ళాను. ఎవరూ పిలవలేదు, నా అంతట నేనే వెళ్ళాను. ఆస్ట్రేలియాలో మేముండే పెర్త్ నుంచి రెండున్నర గంటల దూరం. గోధుమ పొలాల నడుమ, ఒకప్పుడు గొర్రెలకు ఉన్ని కత్తిరించిన రేకుల షెడ్డును ఒకాయన రికార్డింగు గదిగా మార్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల రెండు రోజులు అక్కడ ఏం తింటుందో అని నా బెంగ. పులిహోర, ఊరగాయ, రైస్ కుక్కరు డిక్కీలో సర్దాను. కారు మా పేట హారిస్‌డేల్ దాటకముందే తను షరతు పెట్టింది.

"అమ్మా, యూ కెన్ కమ్. బట్ నో కామెంట్స్, ఓకే?"

"నేనేం మాట్లాడతానే? నా పాటికి నేను వండి పెడతా," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

దానికి ఆరేళ్ళప్పటి నుంచి పద్నాలుగేళ్ళు వచ్చేదాకా కర్ణాటక సంగీతం నేర్పింది నేనే. అన్నేళ్ళలో ఒక్కసారీ మెచ్చుకోలేదు. పొగిడితే పిల్లలు చెడిపోతారని మా గురువుగారి నుంచి నాకు అబ్బిన జబ్బు. తరవాత ఒకరోజు తంబురా పెట్టె మూసేసి గిటారు పట్టుకుంది. ఇక్కడి పల్లెల వాళ్ళ కంట్రీ పాటలు పాడతానంది. వానలు, ఎండిన పొలాలు, పాత ట్రక్కులు, విడిపోయిన ప్రేమలు. గుర్రాన్ని కంచె అవతలి నుంచి తప్ప చూసి ఎరగని పిల్ల! నవ్వాను, తిట్టాను, ఏడాది పాటు మూతి ముడుచుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో మా ఆయన్ని అడిగితే నా వైపు చూస్తాడు.

ఊరూరా పబ్బుల్లో పాడటం మొదలుపెట్టాక ఒకసారి దాన్ని ఇంటికి తీసుకొస్తుంటే దారిలో ఏడ్చింది. పాట అయ్యాక అందరూ వచ్చి బాగా మాట్లాడతారట. మీది ఏ దేశం, ఇది ఎక్కడ నేర్చుకున్నావు, మీ అమ్మానాన్నా ఏమంటారు? పాటలో ఏముందో మాత్రం ఒక్కరూ అడగరట. "నన్ను చూస్తున్నారమ్మా, వినట్లేదు," అంది. అది ఇంగ్లీషులోనే అంది. అంత బాధ తెలుగులో చెప్పడం దానికి రాదు.

అందుకే ఈ ఆల్బమ్ అట్ట మీద తన బొమ్మ కూడా వద్దంది. అందరూ ఒకే గదిలో కూర్చుని, కచేరీలో లాగా ఒక్క ఊపున పాడాలంది. విడివిడిగా పాడి అతికించేది లేదంది. ఈ ఒక్క విషయంలో నా శిష్యురాలే అని లోపల మురిసిపోయాను. మైకు ముందు కొబ్బరికాయ కొడదామనుకున్నాను గానీ, దాని చూపు చూసి, గొర్రెలు దిగే చెక్క వాలు మీద కొట్టి వచ్చాను.

శనివారం ఏడు పాటలు అయ్యాయి. నేను నోరు మెదపలేదు. ఆదివారం మధ్యాహ్నం ఎనిమిదోది, ఆఖరిది. ఫిడేలు వాయించే ఆయన నాలుగింటికి వెళ్ళిపోవాలి. ఆ పాట నేను అంతకుముందు వినలేదు. కరువు ఏడాది. ఒక తండ్రి రోజూ సాయంత్రం రేకుల నీళ్ళ ట్యాంకు దగ్గరకు వెళ్ళి, వేలి కణుపుతో కింద నుంచి పైకి కొట్టుకుంటూ పోతాడు. చప్పుడు ఎక్కడ డొల్లగా మారితే అక్కడితో నీళ్ళు ఆఖరు. తిరిగి వచ్చి పిల్లలతో, చాలా ఉన్నాయి, ఆడుకోండి అంటాడు.

ఆయన మా నాన్న. అనంతపురం జిల్లాలో మా బావిలో గులకరాయి వేసి, చెవి ఒగ్గి విని, ఇంటికొచ్చి "శానా ఉండాయిలే నీళ్ళు" అనేవాడు. అవి అబద్ధాలని మాకు పెద్దయ్యాక తెలిసింది. షవర్ కింద అరగంట నిలబడుతుందని దాన్ని తిట్టడానికి ఎప్పుడో చెప్పిన సంగతి. ఆ పిల్ల దాన్ని దాచుకుని, బావిని ట్యాంకు చేసి, నా ముందు నిలబడి పాడుతోంది. "చాలా ఉన్నాయి" అనే చోట స్వరాన్ని నేను నేర్పినట్టే చిన్నగా ఊపి వదిలింది.

"ఆహా!" అన్నాను. తొడ మీద తాళం కూడా ఠపీమని పడింది.

కచేరీల్లో మంచి సంగతి పడ్డప్పుడు నోరెత్తకపోతే పాడేవాళ్ళను అవమానించినట్టేనని మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అలవాటు మైకును చూసి ఆగదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. గదిలో అందరూ ఆగిపోయారు. షెడ్డు ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి నవ్వాడు. ఇంతకంటే మంచి టేకు రాదు, అమ్మ గొంతు అలాగే ఉంచుదాం, జనం పడిపోతారు అన్నాడు. మిగతావాళ్ళూ తలలూపారు. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల సంతోషమే. రికార్డులో నా గొంతు!

"నో," అంది మా అమ్మాయి. "మళ్ళీ పాడదాం."

మూడుసార్లు పాడింది. ఒకసారి గొంతు చీలింది, ఒకసారి డ్రమ్ముల ఆయన తడబడ్డాడు, ఒకసారి మధ్యలో తనే ఆపేసింది. గడియారం మూడు దాటింది. బయట మెట్ల మీద కూర్చున్న దాని దగ్గరకు మిరియాల పాలు పట్టుకుని వెళ్ళాను. నాకు ఒళ్ళు మండుతోంది.

"ఏమే, నా మాట అంత పాపమైపోయిందా? ఆ షెడ్డాయన బాగుందంటాండాడు కదా. గొంతు చించుకునే బదులు అదే పెట్టుకోరాదా?"

"ఇరవై రెండేళ్ళలో ఫస్ట్ టైమ్ ఆహా అన్నావు. అది కూడా టేక్‌లో." నవ్వబోయి ఆగింది. "అమ్మా, అది ఉంచితే అందరూ దాన్నే వింటారు. ఓ, హర్ ఇండియన్ మమ్, హౌ స్వీట్ అంటారు. తాతను ఎవరూ వినరు."

తనకు అడ్డుపడిన వాళ్ళ వరసలో నేనూ నిలబడ్డానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

"నేను పోయి కార్లో కూర్చుంటాలే," అన్నాను.

"వద్దు. అక్కడే కూర్చో. నువ్వు ఎదురుగా ఉన్నా నేను పాడగలగాలి."

కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. చున్నీ కొస పళ్ళ మధ్య బిగించాను. నా వైపు ఒక్కసారి కూడా చూడకుండా పాడింది. గొంతు అలిసి గరుకెక్కింది. ఆ చోట స్వరం ఊపలేదు, మామూలుగా మాట చెప్పినట్టు చెప్పి వదిలేసింది. పాట అయిపోయాక చప్పుడు పూర్తిగా చచ్చేదాకా ఎవరూ కదల్లేదు, నేనూ కదల్లేదు. నన్నడిగితే మొదటిదే బాగుందని ఇప్పటికీ అంటాను. కానీ రికార్డులో ఉన్నది ఈ చివరిదే, ఉండాల్సిందీ అదే.

చలికాలంలో ఆల్బమ్ బయటికొచ్చింది. నేను పనిచేసే వృద్ధుల ఆశ్రమంలో ఒక పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా గోధుమలు పండించి, ఇప్పుడు ఎవరితోనూ పలకడు. ఒక మధ్యాహ్నం టీ ఇస్తూ ఫోన్లో ఎనిమిదో పాట పెట్టాను. ఎవరిదో చెప్పలేదు. దాచాలనే దాచాను. ఆయన కప్పు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

పాట అయ్యాక, "కింద నుంచే కొట్టాలి," అన్నాడు ఇంగ్లీషులో. "చాలామందికి తెలియదు. పై నుంచి కొడతారు." కప్పు మళ్ళీ అందుకుంటూ అడిగాడు, "మా వైపు పిల్లేనా? ఎవరి అమ్మాయి?"

"నా కూతురు," అన్నాను.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఏ దేశం అని అడుగుతాడనుకున్నాను.

"పాటలోని ఆ నాన్నకు ఆ ఏడు వాన పడిందా?" అన్నాడు.